పోకర్ నేర్చుకునేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన లెక్క

పోకర్ రూల్స్ నేర్చుకోవడానికి అరగంట చాలు. ఆ అరగంట అయ్యాక చాలామంది చేసేది ఒకటే, ఏ హ్యాండ్ (ఐదు ముక్కల కలయిక) దేనికంటే పెద్దదో బట్టీ పట్టేసి, మంచి ముక్కలు పడితే ఆడటం, పడకపోతే పంచినవాడిని తిట్టుకోవడం. నెల తిరిగేసరికి "నాకు అస్సలు ముక్కలు పడవు" అని మానేస్తారు. నేనూ మొదట్లో అలాగే ఆడాను. అప్పట్లో నాకెవరూ చెప్పని సంగతి ఏంటంటే, ఈ ఆటలో మన ముందుకొచ్చే ప్రతి పందెమూ ఒక ధర. ఎన్ని చిప్స్ (పందేనికి వాడే బిళ్లలు) పెట్టమంటున్నారు, గెలిస్తే ఎన్ని వస్తాయి, గెలిచే అవకాశం ఎంత, ఈ మూడింటికీ పొత్తు కుదురుతుందా లేదా అని చూసుకోవడమే ఆట. ఇది ఒకసారి ఒంటబడితే మిగతా రూల్స్ అన్నీ వాటంతట అవే అర్థమవుతాయి, అందుకే ఇక్కడ రూల్స్ గబగబా చెప్పేసి ఆ లెక్క దగ్గర నిదానంగా ఆగుతాను.

పోకర్‌లో ఒమాహా, సెవెన్ కార్డ్ స్టడ్ అంటూ చాలా రకాలున్నాయి కానీ మీరు నేర్చుకోబోయేది బహుశా టెక్సస్ హోల్డెమే. టెక్సస్‌లోని రాబ్‌స్‌టౌన్ అనే ఊరిని ఈ ఆట పుట్టిల్లుగా ఆ రాష్ట్ర శాసనసభ 2007లో గుర్తించింది కూడా. జోకర్లు తీసేసిన 52 ముక్కల పేక. ఒక్కొక్కరికి రెండు ముక్కలు బోర్లా పంచుతారు, అవి మీకు మాత్రమే తెలుసు. తర్వాత బల్ల మధ్యలో ఐదు ముక్కలు అందరికీ కనిపించేలా తెరుస్తారు. మొదట మూడు ఒకేసారి, దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాత ఒకటి, అది టర్న్. ఆఖరిది రివర్. మీ రెండూ, మధ్యలో ఐదూ కలిపి ఏడు ముక్కల్లోంచి అన్నిటికంటే మంచి ఐదింటిని ఎంచుకోవాలి. రమ్మీలోలాగా ముక్క తీసుకోవడం, ముక్క కొట్టడం ఉండదు. వచ్చినవాటితోనే సరిపెట్టుకోవాలి, మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క నిర్ణయం పందెం.

ఇక హ్యాండ్ల వరస. కింది నుంచి చెప్తే, ఏమీ కలవకపోతే పెద్ద ముక్క ఉన్నవాడిది పైచేయి, ఆపైన ఒక జత, రెండు జతలు, ఒకే నంబరువి మూడు, వరసగా ఐదు (స్ట్రెయిట్), ఒకే రంగువి ఐదు (ఫ్లష్), మూడూ రెండూ కలిసిన ఫుల్ హౌస్, ఒకే నంబరువి నాలుగు, ఒకే రంగులో వరసగా ఐదు (స్ట్రెయిట్ ఫ్లష్). రంగు అంటే ఇక్కడ ఎరుపూ నలుపూ అని కాదు, ఇస్పేట్, ఆఠీన్, డైమండ్, కళావర్ అనే నాలుగు జాతులు. స్ట్రెయిట్ ఫ్లష్‌లో పది నుంచి ఆసు దాకా వస్తే అది రాయల్ ఫ్లష్, దాన్ని మించింది లేదు.

ఈ వరసని బట్టీ పట్టక్కర్లేదు, ఎంత అరుదైతే అంత పెద్దది, అంతే సూత్రం. 52 ముక్కల్లోంచి ఐదు ముక్కల్ని 25,98,960 రకాలుగా ఎంచుకోవచ్చు. అందులో ఏమీ కలవనివే 13,02,540, అంటే సగానికి పైనే. ఒక్క జత ఉన్నవి 10,98,240. స్ట్రెయిట్‌లు 10,200, ఫ్లష్‌లు 5,108, ఫుల్ హౌస్‌లు 3,744, నాలుగు ఒకటే వచ్చేవి 624. రాయల్ ఫ్లష్‌లు మొత్తం కలిపి నాలుగే. మూడు ముక్కల ఆటలు ఆడి వచ్చినవాళ్లు ఇక్కడే ఒకచోట తడబడతారు. అక్కడ వరస రంగుని కొడుతుంది, ఇక్కడ రంగు వరసని కొడుతుంది. ఎవరో కావాలని తిరగేసింది కాదు ఇది. మూడు ముక్కలే తీసుకుంటే మామూలు వరసలు 720, రంగులు 1,096, అంటే వరసే అరుదు. ఐదు ముక్కలకి వచ్చేసరికి ఐదూ ఒకే రంగు పడటం కష్టమైపోతుంది, లెక్క తారుమారవుతుంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి వరస విషయంలో మళ్లీ అనుమానం రాలేదు.

రంగుల్లో పెద్దా చిన్నా ఉండవు, ఇస్పేట్ ఫ్లష్ ఆఠీన్ ఫ్లష్ కంటే పెద్దదేం కాదు. ఆసుని రాజు పైన పెట్టొచ్చు, రెండు కింద కూడా పెట్టొచ్చు, కానీ రాణి, రాజు, ఆసు, రెండు, మూడు అని చుట్టూ తిప్పితే అది స్ట్రెయిట్ కాదు.

అందరికీ తగిలే దెబ్బ ఇంకొకటుంది, ఐదు ముక్కలే లెక్కలోకి వస్తాయన్నది మర్చిపోవడం. ఆడటం మొదలుపెట్టిన రోజుల్లో ఒకసారి నా చేతిలో రెండు ఐదులు ఉన్నాయి, బల్ల మీద రాజు, రాజు, తొమ్మిది, తొమ్మిది, ఆసు. నా దగ్గర మూడు జతలున్నాయి, ఇంకెవరికీ ఇంత ఉండదు అని ధీమాగా పందెం పెంచాను. ఎదుటివాడు జాకీ, ఎనిమిది చూపించాడు. పాట్, అంటే మధ్యలో చేరిన చిప్స్ అన్నీ, చెరి సగం. ఎందుకంటే మూడు జతలు అనే హ్యాండే లేదు. నా ఏడు ముక్కల్లో మంచి ఐదు అంటే రెండు రాజులు, రెండు తొమ్మిదులు, ఆసు, అవన్నీ బల్ల మీదవే, వాడికీ అవే. నా ఐదుల జత ఎక్కడా పనికి రాలేదు.

దీనికే ఇంకో ముఖం కిక్కర్. బల్ల మీద ఆసు, తొమ్మిది, ఎనిమిది, నాలుగు, రెండు ఉన్నాయనుకోండి. మీ దగ్గర ఆసూ ఏడూ, ఎదుటివారి దగ్గర ఆసూ రాజూ. ఇద్దరికీ ఆసుల జతే కానీ పక్కనుండే ముక్క తీర్పు చెప్తుంది, రాజు ఉన్నవాళ్లు గెలుస్తారు. చేతిలో ఆసు పడగానే పక్కన ఏముందో చూడకుండా దిగిపోయే అలవాటు వల్ల పోయే చిప్స్ ఇన్నీ అన్నీ కావు.

ఇక పందేల సంగతి, ఒక్క ఆట మొదటి నుంచి ఆడి చూద్దాం. నలుగురున్నారు, ఒక్కొక్కరి దగ్గర 250 చిప్స్. ఈ ఆటకి డీలర్ బటన్ (పంచేవారి చోటు ఎవరిదో చూపించే బిళ్ల) మీ ముందుంది, ప్రతి ఆటకీ అది పక్కవాళ్లకి జరుగుతుంది. మీ ఎడమ పక్కాయన ముక్కలు చూడకముందే 5 చిప్స్ పెట్టాలి, ఆయన పక్కన ఉన్నావిడ 10 పెట్టాలి. వీటినే స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్ అంటారు. ఇవి లేకపోతే ఎవరూ ఏమీ పెట్టకుండా ఆసుల జత వచ్చేదాకా కాచుక్కూర్చోవచ్చు, ఆటే నడవదు. మధ్యలో ముందే కొన్ని చిప్స్ ఉండబట్టే వాటి కోసం పోటీ మొదలవుతుంది.

మీకు ఆఠీన్ పది, ఆఠీన్ తొమ్మిది పడ్డాయి. బ్లైండ్లు పెట్టినవాళ్ల తర్వాత కూర్చున్న కుర్రాడిది మొదటి మాట. అతను మానేయొచ్చు, అది ఫోల్డ్. 10కి 10 పెట్టి ఉండొచ్చు, అది కాల్. పెంచొచ్చు, అది రైజ్. అతను 30కి పెంచాడు. మీరు 30 పెట్టి కాల్ చేశారు. స్మాల్ బ్లైండ్ ఆయన 5 వదులుకుని ఫోల్డ్ చేశాడు, బిగ్ బ్లైండ్ ఆవిడ ఇంకో 20 వేసి ఉండిపోయింది. పాట్ ఇప్పుడు 95.

ఫ్లాప్‌లో ఆఠీన్ రాజు, ఆఠీన్ ఆరు, ఇస్పేట్ రెండు. మీ చేతిలో జత కూడా లేదు, కానీ ఆఠీన్లు నాలుగు చేరాయి, ఇంకొక్కటి వస్తే ఫ్లష్. ఫ్లాప్ నుంచి బటన్‌కి ఎడమ పక్క నుంచి మాట మొదలవుతుంది కాబట్టి ముందు ఆవిడ, ఆవిడ చెక్ అంది, అంటే పందెం పెట్టకుండా మాట పక్కకి ఇచ్చింది. కుర్రాడు 35 పెట్టాడు. ఇప్పుడు మీ వంతు.

ఇక్కడ ఆగండి. ఆట మొత్తం ఈ క్షణంలోనే ఉంది.

మధ్యలో 95, అతని 35 కలిపి 130. మీరు ఉండాలంటే 35 కట్టాలి. కడితే మొత్తం 165 అవుతుంది, అందులో మీ వాటా 35, అంటే సుమారు 21 శాతం. కాబట్టి మీరు నూటికి 21 సార్లైనా గెలిచే పనైతే ఈ ధర గిట్టుబాటు. మరి ఫ్లష్ పడే అవకాశం ఎంత? పేకలో ఆఠీన్లు 13, మీకు కనిపించినవి నాలుగు, మిగిలినవి తొమ్మిది. వీటినే అవుట్స్ అంటారు. మీరు చూడని ముక్కలు 47. తొమ్మిదిని 47తో భాగిస్తే 19 శాతం. బల్ల దగ్గర కూర్చుని భాగహారాలు చేయక్కర్లేదు, ఒక ముక్క రావాల్సి ఉంటే అవుట్స్‌ని రెండుతో, రెండు ముక్కలూ చూసే వీలుంటే నాలుగుతో గుణిస్తే ఇంచుమించు సరిపోతుంది. నాలుగుతో గుణించేది మాత్రం మధ్యలో మళ్లీ పందెం కట్టే పని లేనప్పుడే, అంటే ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టేయడం) అయినప్పుడే నిజం. కొత్తవాళ్లు ఇక్కడ ఎప్పుడూ 36 శాతం అని లెక్కేసుకుని, టర్న్ దగ్గర మరో పందెం వస్తుందన్నది మర్చిపోతారు.

21 కావాలి, 19 ఉంది. కొంచెం తక్కువే. కానీ ఆఠీన్ పడితే కుర్రాడు ఇంకొన్ని చిప్స్ కడతాడు కదా, అతని దగ్గర ఇంకా 185 ఉన్నాయి. లెక్క వేస్తే తర్వాత అతని నుంచి సగటున ఇంకో 18 చిప్స్ రాబట్టగలిగితే చాలు, ఈ కాల్ నష్టం కాదు. కట్టొచ్చు. కట్టారు. ఆవిడ ఫోల్డ్ చేసింది. పాట్ 165.

టర్న్‌లో కళావర్ నాలుగు, మీకు పనికిరాని ముక్క. కుర్రాడు ఈసారి 120 పెట్టాడు. మధ్యలో 285, మీరు కట్టాల్సింది 120, మొత్తం 405లో మీ వాటా 30 శాతం దగ్గర. మీ అవకాశం? 46లో తొమ్మిది, 20 శాతం కూడా లేదు. పోనీ పడ్డాక ఎక్కువ రాబడదామంటే అతని దగ్గర మిగిలింది 65. గిట్టుబాటు కావాలంటే పాట్‌లో ఉన్నవి కాక ఇంకో 208 రావాలి. రావు. ఫోల్డ్.

ఒక్కరే మిగిలారు కాబట్టి ఆట అక్కడితో అయిపోతుంది, కుర్రాడు తన ముక్కలు చూపించక్కర్లేదు. కానీ స్నేహితుల బల్ల దగ్గర ఎవరో ఒకరు ఆగలేక, రాబోయే ముక్క ఏంటో చూద్దామని పేక పైన ముక్క తిప్పేస్తారు. ఆఠీన్ రాణి. కడుపులో ఎవరో మెలిపెట్టినట్టు ఉంటుంది. ఇంకో 120 పెట్టి ఉంటే అని రాత్రంతా అనిపిస్తుంది. నిజానికి మీరు చేసింది సరైన పనే. అదే ధరకి అదే కాల్ వంద సార్లు చేస్తే ఎనభై సార్లు 120 పోతాయి, ఇరవై సార్లు వచ్చేది ఆ నష్టాన్ని పూడ్చదు. నన్నడిగితే కొత్తవాళ్లకి అన్నిటికంటే కష్టమైన సంగతి ఇదే, నిర్ణయం మంచిదా కాదా అన్నది తర్వాత పడిన ముక్కని బట్టి తేల్చకూడదు. తప్పు నిర్ణయానికి కలిసొచ్చిన రోజులే ఎక్కువ చెడుపు చేస్తాయి, ఎందుకంటే ఆ తప్పు అలవాటైపోతుంది. అందుకే ఆ పై ముక్క తిప్పొద్దని నేను బల్ల దగ్గర అందరినీ బతిమాలతాను.

ఇదే ఆటలో ఇంకో విషయం జరిగింది, గమనించారో లేదో. ఫ్లాప్ దగ్గర మీ వంతు వచ్చేసరికి ఆవిడ చెక్ అన్నదీ, కుర్రాడు ఎంత పెట్టాడన్నదీ మీకు తెలుసు. వాళ్లకి మీ సంగతి తెలియదు. ఆఖరున మాట్లాడేవాడికి ఎప్పుడూ ఎక్కువ సమాచారం ఉంటుంది. దీన్నే పొజిషన్ అంటారు. అదే పది తొమ్మిది మొదటి మాట మీదయ్యే చోట పడితే, నేనైతే చాలాసార్లు అక్కడే ఫోల్డ్ చేసేస్తాను. ముక్కలు అవే, కూర్చున్న చోటు వేరు.

మొదటి రెండు ముక్కల గురించి కొంచెం. 52లోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా పడొచ్చు. చేతిలోనే జత పడటం 17 ఆటలకి ఒకసారి, రెండు ఆసులు పడటం 221 ఆటలకి ఒకసారి. చేతిలో చిన్న జత ఉంటే అది ఫ్లాప్‌లో మూడుగా మారడం సుమారు 12 శాతమే, కాబట్టి చౌకగా ఫ్లాప్ చూడగలిగితేనే దానికి విలువ. ఎన్ని ఆటలు ఆడాలి అని అడిగితే, కొత్తలో వచ్చిన వాటిలో ముప్పావు వంతు వదిలేసినా తప్పులేదంటాను. విసుగొస్తుంది, నిజమే. ఆ విసుగుని ఎదుటివాళ్లని గమనించడానికి వాడుకోండి, ఎవరు ఎప్పుడు పెంచుతున్నారు, ఆఖరున ఏం చూపిస్తున్నారు అని.

రెండు ఆసులు పడినప్పుడు చాలామంది చేసే పొరపాటు, ఎవరూ పారిపోకూడదని మెల్లగా కాల్ చేసి ఊరుకోవడం. ఒక్కరి మీద, వాళ్లకి పడగల ముక్కలన్నీ లెక్కలోకి తీసుకుంటే, ఆసుల జత సగటున 85 శాతం గెలుస్తుంది. తొమ్మిది మందినీ ఆఖరిదాకా ఉండనిస్తే అదే జత గెలిచేది 31 శాతమే. ముందే పెంచి జనాన్ని తగ్గించడం ఎందుకో ఈ రెండు అంకెలే చెప్తాయి. అలా చేసినా నూటికి 15 సార్లు ఓడిపోతారు, దానికి ఎవరి తప్పూ లేదు.

బ్లఫ్ (మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్టు పందెం పెట్టడం) అనగానే అందరూ ముఖం కదపకుండా కూర్చోవడం, కళ్లలోకి చూడటం అనుకుంటారు. 2019లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి చేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ ఆరుగురు ఆడే హోల్డెమ్‌లో మేటి ఆటగాళ్లని ఓడించింది. దానికి కళ్లూ లేవు, ముఖమూ లేదు, అయినా బ్లఫ్ చేసింది. అంటే బ్లఫ్ కూడా ధర లెక్కే. పాట్‌లో 100 ఉండగా మీరు 50 పెట్టి బ్లఫ్ చేస్తే, మూడింట ఒకసారి ఎదుటివాళ్లు ఫోల్డ్ చేసినా మీకు నష్టం లేదు. 100 పెడితే సగం సార్లు ఫోల్డ్ చేయాలి. ఇక మీరు మొదటి నుంచీ పెట్టిన పందేలన్నీ కలిపి చూస్తే ఎదుటివాళ్లకి ఒక నమ్మదగిన కథ కనిపించాలి. ఫ్లాప్‌లో, టర్న్‌లో చల్లగా కూర్చుని, రివర్‌లో ఏ సంబంధమూ లేని ముక్క పడగానే ఒక్కసారి మీద పడితే ఎవరు నమ్ముతారు? ఇంకోటి, ఎప్పుడూ ఫోల్డ్ చేయనివాళ్ల మీద బ్లఫ్ చేయకండి. కొత్తవాళ్లు ఎక్కువగా ఉన్న బల్ల మీద బ్లఫ్ దాదాపు మానేయడమే మేలు.

డబ్బు సంగతి దాటేయడం నాకిష్టం లేదు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్ అర్హత పోటీలో గెలిచి లాస్ వెగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీకి వెళ్లాడు, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. ఆ కథ విని లక్షలమంది ఈ ఆటకొచ్చారు. ఆ పోటీలోనే మిగతా 838 మంది ఉన్న చిప్స్ అన్నీ పోయాకే బల్ల దగ్గర నుంచి లేచారన్నది మాత్రం ఎవరూ చెప్పుకోరు. డబ్బు పెట్టి ఆడించే చోట నిర్వాహకులు పాట్‌లోంచి కొంత కోసుకుంటారు, దాన్ని రేక్ అంటారు. అంటే బల్ల దగ్గర అందరూ సమానంగా ఆడేవాళ్లే అయితే, కాలం గడిచేకొద్దీ అందరూ ఓడిపోతారు. పైగా డబ్బుతో ఆడటం చాలాచోట్ల చట్టవిరుద్ధం. కాబట్టి విలువ లేని చిప్స్‌తోనే నేర్చుకోండి. ఊరికే ఆడితే ఎవరూ ఫోల్డ్ చేయరు, అది నిజం, దానికో మార్గముంది. అందరికీ సమానంగా ఇచ్చి, అయిపోయినవాళ్లకి మళ్లీ ఇవ్వకుండా, ఆఖరున మిగిలినవాడే విజేత అని పెట్టుకోండి. పదో ఆట నుంచి ప్రతి చిప్పూ ప్రాణంలా చూసుకుంటారు.

ఒంటరిగా చేసుకునే అభ్యాసం కూడా ఒకటుంది, నేను ఇప్పటికీ చేస్తాను. పేక కలిపి ఐదు ముక్కలు పరిచి, ఈ బల్ల మీద ఏ రెండు ముక్కలుంటే అందరికంటే పెద్ద హ్యాండ్ అవుతుందో వెతకడం. ఇందాకటి ఆటనే పరవండి, ఆఠీన్ రాజు, ఆఠీన్ ఆరు, ఇస్పేట్ రెండు, కళావర్ నాలుగు, ఆఖరున మీ కడుపు మెలిపెట్టిన ఆ ఆఠీన్ రాణి. మీ పదీ తొమ్మిదీ కలిపితే రాజు, రాణి, పది, తొమ్మిది, ఆరు, చక్కటి ఫ్లష్. ఇప్పుడు ఎదుటివాడి చేతిలో ఏముంటే ఇది ఓడిపోతుందో చూడండి. ఆఠీన్ ఆసూ ఇంకే ఆఠీనైనా ఉంటే ఓడిపోతుంది. ఆఠీన్ జాకీ, పక్కన మరో ఆఠీన్ ఉన్నా ఓడిపోతుంది. ఫ్లాప్ దగ్గర మనం లెక్కేసుకున్న తొమ్మిది అవుట్స్ పడినప్పుడల్లా పాట్ మనదే అనుకున్నాం కదా, అదీ పూర్తిగా నిజం కాదన్నమాట.